పదకొండో పేజీలో సొరంగం

అక్టోబరు పదహారు, గురువారం. ఆ మధ్యాహ్నం అల్లుడు తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, సగం ఉల్లిపాయ. గుడ్డు లోపల ఇంకా పచ్చిగానే ఉంది. రెండో ముక్క నోట్లో ఉండగా హోటల్ గదిలో ఫోన్ మోగింది.

"అల్లుడూ, భోజనం అయిందా?"

"అవుతోంది మామగారూ."

"తింటూనే విను. లైన్ శుభ్రంగా ఉంది, సూటిగా చెప్తాను."

మామగారంటే అతనికి పిల్లనిచ్చిన మామ కాదు. ఇంటెలిజెన్స్‌లో సరిహద్దు సెక్షన్ చీఫ్. ఆ సెక్షన్‌లో ఎవరికీ పేర్లు లేవు, వరసలే. ఫోన్ ఎవరు చాటుగా విన్నా ఏదో పెద్ద కుటుంబం తగవులాడుకుంటోందనుకోవాలని ఇరవై ఏళ్ల కింద పెట్టిన పద్ధతి అది. ఏ ఊరు పంపినా కడుపు నిండా తిని, పని ముగించుకుని, చొక్కా నలగకుండా తిరిగొస్తాడు కనక ఇతనికి అల్లుడనే కోడ్ నేమ్ స్థిరపడిపోయింది.

"అవతలివాళ్లు ఈసారి బాంబుల జోలికి పోలేదు," అన్నారు మామగారు. "విత్తనాల మీద పడ్డారు. నువ్వున్న ఊళ్లో సీడ్ స్టోర్ ఉంది చూశావా? మూడు వందల ఊళ్లకి గోధుమ విత్తనం అక్కణ్ణించే వెళ్లాలి. లారీలు రేపు పొద్దున బయల్దేరతాయి. ఈ సాయంత్రం ఆరింటికి గింజలకి మందుపొడి పట్టించే మెషీన్ స్టార్ట్ చేస్తారు. ఆ పొడి మార్చే ప్లాన్‌లో ఉన్నారని కబురు."

"మారిస్తే?"

"గింజ చూడ్డానికి బంగారంలా ఉంటుంది. మొలవదు. రైతుకి ఆ సంగతి పది రోజులకి గానీ తెలీదు. అప్పటికి అదును దాటిపోతుంది. ఏడాది పంట అల్లుడూ. మూడు వందల ఊళ్ల తిండి."

అల్లుడు చేతిలో గుడ్డు కింద పెట్టేశాడు. "మెషీన్ ఆపమని ఒక్క ఫోన్ కొడితే సరిపోదా?"

"ఈసారి ఆపితే జారుకుని మళ్లీ ఏడు వస్తారు. నాకు మనిషి కావాలి. వదిన వారం నుంచి ఆ ఊళ్లోనే ఉంది, ఫొటోగ్రాఫర్ వేషంలో. మనిషెవరో ఆమె చూపిస్తుంది, నువ్వు పట్టుకో. నాలుగింటికి గడియారం స్తంభం దగ్గర టూర్ మొదలవుతుంది. టికెట్ తీసుకో."

"ఏం టూరు?"

"ఊరి చరిత్ర, చూడదగ్గ స్థలాలు. గొడుగు తీసుకెళ్లు."

నాలుగింటికల్లా అల్లుడు రైల్వే పత్రికకి యాత్రావ్యాసాలు రాసేవాడి అవతారమెత్తాడు. పెట్టుడు మీసం, కళ్లజోడులో కెమెరా, బూటు మడమలో ఆకురాయి, జేబులో పెన్ను. పెన్ను నిజానికి వైర్‌లెస్ సెట్టు. దాంతో సంతకం తప్ప అన్నీ చేయవచ్చని టెక్నికల్ సెక్షన్‌వాళ్లు గొప్పలు చెప్పుకునేవారు.

టూరుకి వచ్చింది ఇద్దరే. రెండో మనిషి వదిన. సన్నటి ఎత్తు మడమల చెప్పులు, మెడలో కెమెరా, నవ్వితే ట్రాఫిక్ ఆగిపోయే నవ్వు. అయిదేళ్లుగా అల్లుడితో పని చేసిన మనిషే అయినా అతన్ని ఎన్నడూ ఎరగనట్టే నమస్కారం పెట్టింది.

గైడు ఆ ఊరి హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. బక్కపల్చటి మనిషి. మోకాళ్ల నొప్పులు, భుజాన ఫ్లాస్కు, మెడ చుట్టూ మూడు మెలికలు తిరిగినా ఇంకా మిగిలిపోయిన ఊలు మఫ్లర్. ఇద్దరి చేతుల్లోనూ ఆయన సొంతంగా రాసి అచ్చు వేయించిన చిన్న పుస్తకం పెట్టాడు. పదహారు పేజీలు.

"ఇద్దరే వచ్చారని నేను తగ్గించి చెప్పను," అన్నాడు. "నలభై మందికి చెప్పేదే మీకూ చెప్తాను. కాకపోతే ఇద్దరూ అన్నీ వినాలి."

చెప్పాడు కూడా. సరిహద్దు గీత నడిమధ్యగా పోయే ఇల్లు చూపించాడు. ఆ ఇంటివాళ్లు ఒక దేశంలో వండుకుని ఇంకో దేశంలో పడుకుంటారు. "మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటే ఒకళ్లు విదేశం వెళ్లిపోతారు. ఏడు అడుగులు," అన్నాడు. పాత కస్టమ్స్ హౌసు చూపించాడు. దాని నేలమాళిగలో పన్నెండు అడుగుల లోతు ధాన్యపు పాతర ఉంది. టార్చి వేసి పైనుంచి అడుగున ఉన్న చెక్క పలకలు చూపించి గొంతు తగ్గించాడు. "ఆ పలకల వెనకే దొంగరవాణా సొరంగం. అరమైలు. అవతలి దేశంలో ద్రాక్షతోటలో తేలుతుంది. పదకొండో పేజీ."

వదిన ఫ్లాష్ వేసి రెండు ఫొటోలు తీసింది.

సరిగ్గా అయిదింటికి సరిహద్దు గేటు పడింది. కాపలావాడు గొలుసు లాగి రెండు తాళాలు బిగించాడు. రెండు పక్కల నది, మూడో పక్క ముళ్లకంచె. పొలాల మీదుగా వెనక్కి పోయే ఒకే ఒక్క రోడ్డు మీద పోలీసు చెక్‌పోస్టు. మూత బిగించిన డబ్బాలో ఉన్నట్టనిపించింది అల్లుడికి.

"ఇక రేపు ఏడింటి దాకా చీమ కూడా దాటదు," అన్నాడు మాస్టారు సంతోషంగా, అది కూడా ఒక చూడదగ్గ విషయమే అయినట్టు.

చివరి మజిలీ సీడ్ స్టోర్. ఒకప్పటి మందుగుండు గది. మూడు అడుగుల రాతిగోడలు. ఇప్పుడు లోపల కోల్డ్ రూమ్. గుమ్మంలో స్టోర్‌కీపర్ ఇంటికి బయల్దేరుతూ ఎదురైంది. యాభై ఏళ్ల మనిషి, ఊరందరికీ అక్క.

"మాస్టారూ, తాళంచెవి రేపిద్దురుగానీ. తలుపు తీసిపెట్టి మాత్రం చరిత్ర చెప్పకండి. నా గింజలకి వేడి చేస్తుంది."

"నేనెప్పుడైనా అలా చేశానా తల్లీ?"

"చెయ్యనిది ఎప్పుడో చెప్పండి," అంటూ వెళ్లిపోయింది. ఆమె క్వార్టర్ వెనకే ఉంది.

లోపల నాలుగు డిగ్రీలు. అరలనిండా చీటీలు కట్టిన సీసాలు, తెల్లటి సంచులు. పైన ఫ్యాన్ హోరుమంటూ చల్లగాలి కొడుతోంది. ఒక్కో సీసాలో ఒక్కో ఊరి పాత రకం గింజ ఉందనీ, కొన్ని ఊళ్లు ఇప్పుడు లేవనీ, గింజలు మాత్రం ఉన్నాయనీ మాస్టారు చెబుతున్నాడు. అల్లుడు వదిన వంక చూశాడు. మనిషిని చూపించాల్సిన సమయం ఇదే.

"రోల్ అయిపోయింది. బయట మార్చుకుని వస్తాను," అంది వదిన.

తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడు.

అల్లుడు హ్యాండిల్ కోసం చెయ్యి చాపాడు. అక్కడ హ్యాండిల్ లేదు. రెండు స్క్రూ రంధ్రాలు ఉన్నాయి.

తలుపు పక్కన గోడ మీద ఇంటర్‌కమ్ గరగరలాడింది.

"మరిదిగారూ, చలెలా ఉంది?"

"వదినా, తలుపు పట్టేసింది."

"పట్టెయ్యలేదు. నేనే వేశాను."

వదిన చూపించాల్సిన మనిషి వదినే. "ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లుగా. మామగారి దగ్గర వరసలకేం లోటు లేదు, ఎదుగూ బొదుగే లేదు. అవతలివాళ్లు నన్ను మేడమ్ అంటారు."

"పొడి?"

"మధ్యాహ్నమే డ్రమ్ము మార్చేశాను. ఆరింటికి మెషీన్ తిరిగే చప్పుడు చెవులారా విని వెళ్లిపోతాను. పొద్దున అక్క వచ్చి తలుపు తీసేదాకా కాస్త చేతులూ కాళ్లూ ఆడిస్తూ ఉండండి. మీమీద నాకు కోపమేం లేదు."

"గేటు మూసేశారు."

"గేటు ఎవరికి కావాలి? మాస్టారూ, థాంక్సండీ. మీ పుస్తకం చాలా బావుంది. ముఖ్యంగా పదకొండో పేజీ."

టప్‌మని తీగ తెగిన చప్పుడు. తరవాత ఫ్యాన్ హోరు ఒక్కటే.

అయిదూ ఇరవై అయిదు. అల్లుడు పెన్ను తీసి తిప్పాడు, నొక్కాడు, విదిలించాడు. మూడు అడుగుల రాతిలోంచి ఒక్క సిగ్నల్ బయటికి పోలేదు. మడమలోంచి ఆకురాయి తీసి తలుపు బందుల మీద రుద్దాడు. అయిదు నిమిషాలకి ఆకురాయి అరిగింది. ఇద్దరూ తలుపు మీద గుద్దారు. తలుపు లోపల నాలుగు అంగుళాల బెండు ఉంది. దిండు మీద గుద్దినట్టే ఉంది.

"మాస్టారూ, తాళంచెవి మీ దగ్గరుందిగా?"

"ఉంది సార్." ఆయన జేబులోంచి తీసి చూపించాడు. ఇత్తడి తాళంచెవి, అరచెయ్యంత. "దీని కన్నం బయటి వైపే ఉంటుంది."

పళ్లు టకటకలాడుతున్నాయి. పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. అల్లుడు దాన్ని పీకి పారేసి పుస్తకం తెరిచాడు. పదకొండో పేజీ. 'ఈ సొరంగమునకు ఒక శాఖ మందుగుండు గది వరకు కలదు.'

ఊపిరి తేలికైంది. "ఇంతసేపూ చెప్పరేం! ఏ బండ కింద?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"మాస్టారూ, టైము అయిదూ ముప్పై ఎనిమిది. ఏ బండో చెప్పండి."

"బండ లేదు సార్."

"అంటే?"

"సొరంగం లేదు."

"శాఖ లేదా?"

"శాఖా లేదు, సొరంగమూ లేదు." ఆయన గింజల సంచి మీద కూలబడ్డాడు. "పుస్తకం మొదటిసారి వేసినప్పుడు పదకొండో పేజీ ఖాళీగా మిగిలిపోయింది. ఖాళీ పేజీ బావోదు, ఏదో ఒకటి రాసివ్వండి మాస్టారూ అని ప్రెస్సువాడు నిలబడ్డాడు. గడియారం చూపిస్తే, మా ఊళ్లోనూ ఉందంటారు. నది చూపిస్తే బట్టలుతుక్కుంటారు. ఈ ఊరికోసం ఎవరూ బస్సు దిగరు సార్. నిలబడ్డ పళాన సొరంగం రాసేశాను. ఆ ఏడు నూట పది మంది వచ్చారు."

"మరి శాఖ?"

"అది రెండో ముద్రణలో కలిపాను."

అల్లుడికి నవ్వొచ్చింది. ముఖం బిగుసుకుపోయి నవ్వు సగంలోనే ఆగిపోయింది. గోడ అవతల, పెరటికి ఆ వైపు షెడ్డులో, ఎవరో సంచులు దింపుతున్న దబదబ నేలలోంచి పాదాలకి తెలుస్తోంది. మెషీన్ దగ్గర పని మొదలైంది. అరల మీద సీసాలు వరసగా మెరుస్తున్నాయి. ఇవి బతుకుతాయి. రేపు లారీ ఎక్కాల్సినవి బతకవు.

"చరిత్ర చెప్పే మనిషిని," అన్నాడు మాస్టారు, తనలో తను. "పరీక్షలో ఒక్క తేదీ తప్పు రాస్తే పిల్లల చెవులు మెలేసేవాణ్ణి."

అల్లుడు ఆయన ముందు గొంతుక్కూచున్నాడు. ఇంకెవరైనా అయితే చొక్కా పట్టుకునేవాడు. ఈయన చొక్కా మొదటి గుండీ ఊడిపోతే వేరే రంగు దారంతో తనే కుట్టుకున్నట్టుంది.

"చెవుల సంగతి తరవాత చూద్దాం. ఈ గది గురించి పుస్తకంలో రాయనిది ఒక్కటి చెప్పండి. చిన్నదైనా సరే. నిజమైంది."

మాస్టారు చాలాసేపు ఆలోచించాడు. అయిదూ నలభై నాలుగు.

"అక్క ఇంట్లో గంట ఉంది," అన్నాడు.

"ఏం గంట?"

"ఒకసారి స్కూలు పిల్లల్ని తీసుకొచ్చాను. నలభై మంది. ఒక్కసారే లోపలికి దూరారు. పది నిమిషాల్లో అక్క గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇంత మంది ఊపిరికి గది వేడెక్కిందట. పది డిగ్రీలు దాటితే ఆవిడ వంటింట్లో గంట మోగుతుంది."

అల్లుడు పైకి చూశాడు. ఫ్యాన్ పక్కనే, కప్పుకి దగ్గరగా, గోడలోంచి పొడుచుకొచ్చిన రాగి బుడిపె. చిటికెన వేలంత. దానికో తీగ. పక్కనే అద్దంలో డిగ్రీలు చూపే ముల్లు నాలుగు దగ్గర నిలబడి ఉంది.

"గదంతా వేడెక్కక్కర్లేదు," అన్నాడు. "ఆ బుడిపెకి ఒక్కదానికి వేడి తగిలితే చాలు. మీ ఫ్లాస్కులో ఏముంది?"

"ఒక్క కప్పు టీ. మీకు సగం ఇద్దామనే దాచాను. ఇప్పుడే అడగబోతున్నాను."

టీ పొగ చూస్తే ఇద్దరికీ గుటక పడింది. ఎవరూ పెదవి తాకించలేదు.

"మఫ్లర్ ఇవ్వండి."

మాస్టారు చెయ్యి మెడ దగ్గరే ఆగింది. "మా ఆవిడ అల్లింది. పోయే ముందు ఏడు. ఇంత పొడుగు ఎవరికే, జిరాఫీకా అని రోజూ దెప్పేవాణ్ణి." మెలికలు విప్పి ఇచ్చాడు.

అల్లుడు వంగాడు. మాస్టారు మోకాళ్లు పట్టుకుని "అమ్మా, అయ్యా" అంటూ అతని భుజాలెక్కాడు. అల్లుడు లేచి నిలబడ్డాడు. కింద నలగని చొక్కా మీద చరిత్ర మాస్టారి చెప్పులు.

"మఫ్లర్ ఒక కొస టీలో తడిపి బుడిపెకి చుట్టండి. రెండో కొస ఫ్యాన్ రెక్కలకి అడ్డంగా కుక్కండి. గాలి కొట్టకూడదు."

"అందుతుందా అని..." పైనుంచి మాటలు ఆగాయి. "అందింది సార్. సరిగ్గా అందింది."

ఫ్యాన్ మూలిగి ఆగింది. ముల్లు అయిదుకి వచ్చింది. ఏడు. అక్కడ నిలబడిపోయింది. మాస్టారు రెండు అరచేతులూ బుడిపె చుట్టూ దొప్పలా పట్టి, పసిబిడ్డకి పెట్టే అన్నం ఊదినంత ఓపికగా, మఫ్లర్ మీదికి ఊపిరి వదిలాడు. ఎనిమిది. తొమ్మిది. మిగిలిన రెండు గుక్కల టీ కూడా పోశాడు. పదకొండు.

చప్పుడు లేదు. గంట మోగితే మోగేది అక్క వంటింట్లో. ఇక్కడికి వినపడదు. తీగ ఎప్పుడో ఎలకలు కొరికేసి ఉంటే? ఆవిడ బజారుకి వెళ్లి ఉంటే?

అయిదూ యాభై రెండు.

"ఆవిడ స్నానం చేస్తుంటే?" అన్నాడు అల్లుడు.

"అక్క సంగతి మీకు తెలీదు. గంట మోగితే తడి జుట్టుతో వస్తుంది."

అయిదూ యాభై అయిదు. ముల్లు పది వైపు జారడం మొదలుపెట్టింది. టీ చల్లారుతోంది. భుజాల మీద మాస్టారు వణుకుతున్నాడో, కింద తనే వణుకుతున్నాడో అల్లుడికి తేల్చుకోవడం కష్టమైంది.

గడియ తీసిన చప్పుడు. తలుపు భళ్లున తెరుచుకుంది. అక్క. జుట్టు నిజంగానే తడిగా ఉంది.

"నా గింజలకి జ్వరం తెప్పించింది ఎవరు?" అని, ఒకడి భుజాల మీద ఇంకొకణ్ణి చూసి ఆగిపోయింది. "మాస్టారూ! ఏంటిది, సర్కసా?"

"మెషీన్!" అన్నాడు అల్లుడు. "మందుపొడి మార్చేశారక్కా. గింజ చచ్చిపోతుంది."

అక్క మరో ప్రశ్న వేయలేదు. ఆ ఒక్క మాట చాలు ఆవిడకి. ముగ్గురూ పెరట్లోకి పడ్డారు. అల్లుడి కాళ్లు మొద్దుబారి, నాలుగు అడుగులు వేసేసరికి బోర్లా పడ్డాడు. లేచేసరికి షెడ్డు తలుపులోంచి కనబడుతోంది: తొట్టి అంచుదాకా తెల్లటి పొడి, గొట్టం కింద గోధుమల గుట్ట, ఆకుపచ్చ బటన్ మీదికి వెళుతున్న మెషీన్‌మాన్ వేలు. ఏదో అరిచాడు. గొంతు గడ్డకట్టుకుపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. గడియారం స్తంభం మీద ఆరు కొట్టడం మొదలైంది.

"ఒరేయ్ వెనక బెంచీ!"

కేక మాస్టారిది. ముప్పై ఏళ్లు నలభై మంది మీద వాడిన గొంతు. పెరటి కాకులన్నీ ఒక్కసారి లేచాయి.

"చేతులు కట్టుకో!"

మెషీన్‌మాన్‌కి నలభై రెండేళ్లు. ఇద్దరు పిల్లల తండ్రి. బటన్‌కి అంగుళం దూరంలో ఉన్న వేలు చటుక్కున వెనక్కి వచ్చింది. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"నేనేం చెయ్యలేదు సార్," అన్నాడు.

అక్క వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. ఆరో గంట చప్పుడు పొలాల మీదికి వెళ్లిపోయింది.

అల్లుడు గుమ్మంలో చతికిలబడ్డాడు. మెషీన్‌మాన్ చేతులు కట్టుకునే ఉన్నాడు, ఎవరూ విప్పమనలేదు కనక.

"మెషీన్ చప్పుడు వినపడలేదు ఆమెకి," అన్నాడు అల్లుడు కాసేపటికి. "పారిపోయి ఉంటుంది. చెక్‌పోస్టుకి ఫోన్ చెయ్యాలి."

మాస్టారు తలవంచుకుని దగ్గాడు. "అక్కర్లేదు సార్. ఎక్కడుంటుందో నాకు తెలుసు."

కస్టమ్స్ హౌసు నేలమాళిగలో టార్చి వేసి పాతరలోకి చూశారు. పన్నెండు అడుగుల కింద, ఊడిపోయిన చెక్క పలకల మధ్య, వదిన గోడకి చేరబడి కూచుని ఉంది. దిగిన నిచ్చెన రెండు ముక్కలై పక్కన పడింది. ఒక చెప్పు మడమ విరిగింది. పలకలున్న చోట గట్టి ఎర్రమట్టి గోడ, దాని మీద గోళ్లతో గీరిన గుర్తులు. ఒళ్లో పుస్తకం.

"మాస్టారూ," అంది పైకి చూడకుండానే. "ఈ పలకలు?"

"నేనే కొట్టానమ్మా. ఒక ఆదివారం. క్షమించు. కాలికేమన్నా తగిలిందా?"

వదిన పుస్తకం మూసి పక్కన పెట్టింది. "మామగారి సెక్షన్‌లో అయిదేళ్లు, అవతల మూడేళ్లు," అంది. "ఇన్నేళ్లలో ఇంత నమ్మకంగా అబద్ధం చెప్పిన మనిషిని చూడలేదు."

అల్లుడు పోలీసులు వచ్చేదాకా పైన కాపలా కూచున్నాడు. మాస్టారు కానిస్టేబుల్‌తో మంచినీళ్లు తెప్పించి, తాడు కట్టి వదినకి దింపాడు.

మెషీన్ తొట్టి కడిగి, అసలు డ్రమ్ము వెతికి తెచ్చి, ఏడున్నరకి మళ్లీ స్టార్ట్ చేశారు. అల్లుడు అక్క వంటింట్లో పొయ్యికి ఆనుకుని కూచుని, రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు.

"మామగారూ, వదిన మన ఇంటికే వస్తోంది. ఇక వెళ్లదు."

అవతల నిట్టూర్పు. ఆ మనిషికి ఆమె మీద గురి ఉండేది. "గింజలు?"

"పట్టిస్తున్నారు. పొద్దున లారీలు వెళ్తాయి." గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. మాస్టారు మూడో ముద్రణలో పదకొండో పేజీ తీసేస్తానంటున్నాడు. క్షమాపణ కూడా అచ్చు వేస్తాడట."

"తీసెయ్యడమా!" మామగారి గొంతులో నిజమైన ఆందోళన వినిపించింది. "వద్దను. వీలైతే పన్నెండో పేజీలో ఇంకోటి తవ్వమను."

పెరటికి అవతల మాస్టారు కోల్డ్ రూమ్‌లో సంచి ఎక్కి ఫ్యాన్ రెక్కల్లోంచి మఫ్లర్ విడదీస్తున్నాడు, ఒక్క పోగు కూడా తెగకుండా. అక్క గుమ్మంలో నిలబడి ఆయన పని అయ్యేదాకా తలుపు పట్టుకుంది. ఆయన బయటికొచ్చాక ముల్లు మళ్లీ నాలుగు మీద నిలిచేదాకా చూసింది. లోపలివైపు మళ్లీ బిగించిన హ్యాండిల్ ఒకసారి తడిమి, దీపం ఆర్పింది. తరవాత, లోపల పసిపిల్లలు పడుకున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.